కాస్త సర్దుకో

మా నాన్న బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళకల్లా "సీట్లు లేవు" అని చెప్పడమే ఆయన ఉద్యోగం. అందుకేనేమో, ఇంటికొచ్చాక ఆ "లేవు" అన్న మాట ఆయన నోట వచ్చేది కాదు. మూడో అంతస్తులో మాది రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న వాటా. ఎవరు వస్తామన్నా రమ్మనేవాడు, ఎవరు ఉంటామన్నా ఉండమనేవాడు. "చోటుదేముందండీ, సర్దుకుంటే సరి" అనేవాడు.

పాపం తనూ సర్దుకునేవాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. తను దర్జాగా మంచమ్మీద పడుకుని మమ్మల్ని నేల మీద పడుకోమంటే పోట్లాడొచ్చు. మా నాన్న చుట్టాలు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే ముందు తన మంచం ఖాళీ చేసేవాడు. అలాంటి మనిషితో ఏమని పోట్లాడతాం? పోట్లాడితే మనమే చెడ్డవాళ్ళం.

ఆ ఏడు వానలు మొదలైన వారానికే బాబాయ్, పిన్నీ వచ్చారు. బాబాయ్ అంటే నాన్నకి పిన్ని కొడుకు. వాళ్ళింటి వెనక గోడ కూలిపోయిందట. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు చూస్తూ, "నాలుగు రోజులే అన్నయ్యా" అన్నాడు బాబాయ్.

"నాలుగు రోజులేంట్రా, నీ ఇల్లనుకో" అన్నాడు నాన్న, అప్పటికే తన మంచమ్మీద దుప్పటి మారుస్తూ.

అమ్మ నా వైపు చూసి ఎప్పుడూ అనే మాటే అంది. "కాస్త సర్దుకో అమ్మా."

నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. నేను మనసులో బాబాయ్‌కి "నాలుగు రోజులు" అని పేరు పెట్టుకున్నాను. నాలుగు రోజులు స్నానానికెళ్ళాడు, నాలుగు రోజులు టీ అడుగుతున్నాడు, ఇలా. ఆ రోజుల్లో నాకున్న సరదా అదొక్కటే.

మనిషి చెడ్డవాడని కాదు. కుర్చీలో కూర్చునే ముందు అందరి మొహాలూ చూసేవాడు. స్నానాల గది తలుపు తీసుకుని బయటికొస్తూ, "నావల్ల మీకందరికీ ఇబ్బంది" అనేవాడు. "అబ్బే, లేదు బాబాయ్" అనాలి. రోజూ అనాలి. పిన్ని వంటింట్లో అమ్మకి సాయం చేసేది. ఏ గరిటె ఎక్కడుందో తెలియక అన్నీ తీసేది, తీసినవి ఇంకో చోట పెట్టేది. ఆవిడ అటు వెళ్ళగానే అమ్మ చప్పుడు కాకుండా మళ్ళీ వాటి చోట్లలో పెట్టుకునేది. ఆరని బట్టలు గదుల్లో తాళ్ళ మీద వేలాడుతుండేవి. తడి చొక్కాల కింద నుంచి తల వంచుకుని నడవడం అందరికీ అలవాటైపోయింది. బయట కూడా అలాగే నడుస్తున్నానని ఒకరోజు ఎవరో చెప్తేగాని నాకు తెలియలేదు.

నాకు ఆ ఇంట్లో ఉన్న చోటల్లా ఒక బల్ల. అసలది బల్ల కాదు, తలుపు. ఎక్కడో పాత ఇల్లు పడగొడుతుంటే నాన్నే దాన్ని భుజం మీద మోసుకుని మూడంతస్తులూ ఎక్కాడు, నేను కుట్టుపనిలో చేరిన కొత్తల్లో. కిటికీ పక్కన రెండు చెక్క స్టాండ్ల మీద దాన్ని అడ్డంగా పరిచాడు. తాళం ఉండాల్సిన చోట కన్నం ఉండేది. అందులో నా కత్తెర గుచ్చిపెట్టుకునేదాన్ని. కోటుకైనా, గౌనుకైనా, దేనికైనా గుడ్డ పరిచి సుద్దతో గీసుకుని కత్తిరించడానికి అంత పొడుగు బల్ల మా మాస్టరుకి కూడా లేదు.

మాస్టరంటే నాకు పని నేర్పిన టైలరు. మా వీధి చివర ఆయన షాపు. ఆ వానల్లోనే ఆయన షాపు ఎత్తేశాడు. చూపు తగ్గింది. "సూదిలో దారం నువ్వెక్కించి, కుట్టు వంకరైతే నువ్వు విప్పి, మళ్ళీ నువ్వే కుట్టి, బోర్డు మీద మాత్రం నా పేరుంటే ఏం బాగుంటుందే?" అన్నాడు. షట్టరు సగం దించి, గల్లా పక్కనున్న బీరువాలోంచి కాయితంలో చుట్టిన గుడ్డ తీశాడు. ముదురు నీలం ఉన్ని గుడ్డ. నిమిరితే చెయ్యి వెనక్కి రాదు.

"నా దగ్గర పని నేర్చుకున్నావిడ రేవు పట్నంలో పెద్ద షాపు నడుపుతోంది. అందరూ మాస్టరమ్మ అంటారు. నీ గురించి చెప్పాను. చలికాలం ఆర్డర్లు మొదలయ్యేలోగా నువ్వొక్కదానివే కత్తిరించి కుట్టిన కోటు ఒకటి తెచ్చి చూపించమంది. నచ్చితే పని అక్కడే, ఉండటానికి షాపు పైన గది."

"గదా?"

"గదే. నీ ఒక్కదానికే."

ఆ మాట విని నేను గుడ్డ మీద చెయ్యి అలాగే ఉంచేశాను. పని సంగతి తర్వాత, ముందు ఆ గది కనబడింది నాకు. అందులో ఏమీ లేవు, ఎవరూ లేరు. తలుపు వేసుకుంటే వేసుకున్నట్టే. అంతకుముందు నేనెప్పుడూ దేన్నీ అంతగా కోరుకోలేదు. అలా కోరుకుంటున్నందుకు సిగ్గు కూడా వేసింది.

"జాగ్రత్త. ఒక్క కోటుకే సరిపోతుంది గుడ్డ" అన్నాడు మాస్టరు. "తప్పు పడితే ఇంకోటి ఇవ్వడానికి నా దగ్గర లేదు."

గుడ్డని చీర కొంగు కింద దాచుకుని, తడవకుండా గోడ వారగా నడిచి ఇంటికొచ్చాను. వచ్చేసరికి కిటికీ పక్కన నా బల్ల లేదు. స్టాండ్లు రెండూ బాల్కనీలో తడుస్తున్నాయి. తలుపు గోడ పక్కన ఇటుకల మీద పరిచి ఉంది. తలుపు మీద దుప్పటి, దుప్పటి మీద బాబాయ్.

"చెక్క మీద పడుకుంటే నడుముకి మంచిదటమ్మా" అన్నాడు, లేవబోతూ. "నీకేమన్నా ఇబ్బందైతే చెప్పు, ఇప్పుడే లేస్తా."

"ఇబ్బందేముందిరా, పడుకో" అన్నాడు నాన్న. "మా అమ్మాయి సంగతి నీకు తెలీదు. దాని మనసు చాలా పెద్దది. అడగక్కర్లేకుండా ఇచ్చే రకం."

అడగలేదు కదా మరి, అని నోటి దాకా వచ్చింది. నాన్న మొహం చూశాను. నన్ను చూసి నిజంగా మురిసిపోతున్నాడు. తిడితే తిరగబడొచ్చు, కొడితే పారిపోవచ్చు, పొగిడితే ఏం చేస్తాం? ఆయన అన్న ఆ పెద్ద మనసు నాకు ఉందో లేదో తెలియదుగాని, లేదని ఆయన ముందు ఒప్పుకునే ధైర్యం మాత్రం లేదు. "పర్లేదు బాబాయ్, పడుకోండి" అన్నాను. కత్తెర కోసం చూశాను. కన్నంలో బాబాయ్ కళ్ళజోడు దూర్చి ఉంది.

అక్కడి నుంచి ఆ గుడ్డని చంటిపిల్లలా చంకనేసుకుని తిరిగాను. ఒకరోజు మధ్యాహ్నం ముందుగదిలో నేల మీద పరిచి, సుద్దతో వీపు ముక్క గీశాను. భుజం దాకా వచ్చానో లేదో, పిన్ని తడి బట్టల బకెట్టు పట్టుకుని వచ్చి, "అయ్యో అయ్యో, తొక్కనమ్మా, అటు చివర నుంచి వెళ్తా" అంటూ గుడ్డ మీదుగా కాలు చాచింది. ఆవిడ తొక్కలేదు. బకెట్టు మాత్రం ఊగింది. సుద్ద గీత మీద నీళ్ళు పడ్డాయి. గుడ్డ తీసి, మడిచి, ఆరేశాను. మెట్ల దగ్గర వసారాలో ప్రయత్నించాను. ఎదురింటివాళ్ళ చెప్పులు, గాలి, జల్లు. వంటింటి గట్టు మీద పరిస్తే సగం గుడ్డ కిందకి వేలాడింది. వేలాడే గుడ్డని కత్తిరిస్తే కోటు ఒక భుజం మీద ఏడుస్తుంది, అంటే ఆ పక్కకి జారి వేలాడుతుంది. ఆ పని చేసేవాళ్ళెవరికైనా ఆ మాట తెలుసు. గీయడం, చెరపడం, మడవడం. కత్తెర మాత్రం పెట్టలేదు. వానలు వెనకబట్టడం మొదలైంది, గుడ్డకి ముక్కిన వాసన పట్టింది.

ఇక లాభం లేదని నాన్ననే అడిగాను. డ్యూటీ నుంచి వచ్చి, వంటింటి పక్కన కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. మంచం ఇచ్చేశాక ఆయన నిద్రా అందులోనే. మెడ ఒక పక్కకి పట్టేసి ఉండేది.

"నాన్నా, నాకు ఆ బల్ల ఒక్క మధ్యాహ్నం కావాలి. కత్తిరించేసి మళ్ళీ ఇచ్చేస్తా. అందాకా బాబాయ్ కుర్చీలో కూర్చుంటాడు."

నాన్న చాలా మెల్లగా చెప్పాడు. ఆయనకి కోపం రాదు, అదొకటి. "నడుం పట్టేసినవాణ్ణి లేపి నువ్వు అవతలికి పో అంటే, వాడి మనసెంత కష్టపడుతుంది? పైకి నవ్వుతాడు. లోపల తనిక్కడ బరువైపోయాననుకుంటాడు. ఒక మనిషికి అలా అనిపించేలా చెయ్యడం కంటే పాపం ఉందా తల్లీ? చిన్నప్పుడు నాకెవరూ లేనప్పుడు నేనొకళ్ళ ఇంట్లో మెట్ల కింద పడుకునేవాణ్ణి. ఆ ఇంటావిడ ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నేను బతికి బట్టకట్టానంటే అదే."

ఈ మాట నేను వంద సార్లు విన్నాను. కాని ఆ రోజు నాకేం పుట్టిందో, "మెట్ల కింద చోటు అంతకుముందు ఎవరిది నాన్నా?" అన్నాను.

"అంటే?"

"ఊరికే ఖాళీగా ఉండేదా? ఎవరన్నా పడుకునేవాళ్ళా?"

ఆయన కాళ్ళు కిందకి దించి మెడ రుద్దుకున్నాడు. "ఆవిడకో కూతురుండేది" అన్నాడు చివరికి. "ఆ పిల్ల ఎక్కడ పడుకునేదో మరి. ఎక్కడో సర్దుకునే ఉంటుంది."

ఆయన ఆ మాట అని మళ్ళీ కాళ్ళు ముడుచుకున్నాడు.

అమ్మ జాకెట్లు వదులు చేసేది నేనే. కుట్టేటప్పుడు లోపల కాస్త గుడ్డ వదిలిపెడతాం, మనిషి ఒళ్ళు చేసినప్పుడు విప్పి వదులు చేసుకోవడానికి. ఆ వారం అమ్మ ఒక జాకెట్టు తెచ్చి ఇచ్చింది. తిరగేసి చూస్తే లోపల ఇక వదలడానికి పోగు కూడా లేదు. అంతా ఎప్పుడో విప్పేశాను. "ఇది ఇంక సాగదమ్మా" అన్నాను. అమ్మ దాన్ని తీసుకుని కిటికీ వైపు పట్టి చూసింది. "అవును, అయిపోయింది" అంది.

మర్నాడు మెట్ల మీద పిన్ని కనబడింది. ఒక్కతే కూర్చుని ఉంది, తడి బకెట్టు పక్కన పెట్టుకుని. నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది.

"ఏమైంది పిన్నీ?"

"ఏం లేదమ్మా." బకెట్టు కాస్త పక్కకి జరిపి, "మీ నాన్నకి చెప్పనంటే చెప్తా" అంది.

చెప్పనన్నాను.

"మా గోడ కట్టేసి చాలా రోజులైంది."

నాకు అర్థం కాలేదు. ఆవిడే గబగబా చెప్పుకుపోయింది. "వెళ్తామని మీ బాబాయ్ రెండుసార్లు అన్నాడు. మీ నాన్న మొహం ఇంతైపోయింది. మావల్ల ఏం తప్పు జరిగిందిరా, అన్నాడు. అంత మంచిమనిషిని కష్టపెట్టి ఎలా వెళ్తాం? పోనీలే, పెద్దాయన సంతోషం కోసం మనమే నాలుగు రోజులు సర్దుకుందాం అన్నాడు మీ బాబాయ్. నాకేమో నా స్టవ్వు, నా గిన్నెలు... నా ఇష్టమొచ్చినప్పుడు ఒక గుక్క టీ పెట్టుకు తాగి ఎన్నాళ్ళైందో. మీ అమ్మ గరిటెలు ముట్టుకోవాలంటేనే భయమేస్తుంది."

"మరి బాబాయ్ నడుమో?"

"ఆ చెక్క మీద పడుకున్నాకే పూర్తిగా పట్టేసింది! మా ఇంట్లో దూది పరుపు. చెక్క మంచిదని చెప్పింది డాక్టరేమీ కాదు, మీ నాన్నే. ఆయన అంత ప్రేమగా బల్ల విప్పి పరిస్తే వద్దనడానికి ఈయనకి నోరాడలేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ పక్కనే మెట్టు మీద కూలబడ్డాను. ఎవరో ఒకరు సుఖంగా ఉన్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. నా బల్ల పోయినా, నాన్న మెడ పట్టేసినా, అమ్మ గరిటెలు చెల్లాచెదరైనా, అదంతా బాబాయ్‌కి, పిన్నికి సుఖంగా అమరిందనే అనుకున్నాను. ఆ కోపం ఒక్కటే నాకు ఆధారం. అదీ పోయింది. మూడో అంతస్తులో అయిదుగురం ఒకళ్ళ కోసం ఒకళ్ళం ఒళ్ళు హూనం చేసుకుంటున్నాం, తలుపు తీసే ఉంది, వెళ్ళగలిగినవాళ్ళు లేరు.

నాన్నకి చెప్పనన్నాను గాని అమ్మకి చెప్పనని అనలేదు కదా. వంటింట్లో అన్నీ చెప్పేశాను, మాస్టరమ్మ షాపులో పనీ, గదీ సంగతి కూడా. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. విన్నంతసేపూ తుంచుతూనే ఉంది. చివర్లో మాత్రం చేతిలో కాయని పట్టుకుని ఊరికే ఉండిపోయింది.

"దూది పరుపా?" అంది.

"దూది పరుపే."

అమ్మ మళ్ళీ తుంచడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో ఎవరికి ఏం చెప్పినా ఇంతే అనుకుని, వెళ్ళి గుడ్డని తలకింద పెట్టుకుని ముసుగు తన్నాను.

పొద్దున్నే అమ్మ వచ్చి నా చాప పక్కన నిలబడింది. బయట జల్లు సన్నగా పడుతోంది. నాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"లే" అంది. "సర్దుకో."

నేను లేచి కూర్చున్నాను. ఇన్ని వారాలదీ, కాదు, పుట్టినప్పటి నుంచీ ఉన్నదంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది. "ఇంకా ఎంత సర్దుకోవాలమ్మా! బల్ల ఇచ్చా, కిటికీ ఇచ్చా, జరుగుతూ జరుగుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చా. ఇంకా జరిగితే మెట్ల మీద పడతా. ఇంకేం సర్దుకోమంటావ్ నన్ను?"

అమ్మ వెనకాల దాచిన చేతిని ముందుకి తెచ్చింది. అందులో ఖాళీ సంచి ఉంది.

"బట్టలు" అంది. "బట్టలు సర్దుకో."

నేను సంచి అందుకున్నాను. ఆ మాటకి ఈ అర్థం కూడా ఉందని తెలియక కాదు. మా అమ్మ నోట అది ఎప్పుడూ వినలేదు.

"మనందరం ఎవరి కోసం సర్దుకుంటున్నామా అని ఆలోచించా" అంది, నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి. "నేను మీ నాన్న కోసం. ఆయన వాళ్ళ కోసం. వాళ్ళు ఆయన కోసం. ఎంత వెతికినా సుఖపడుతున్నవాళ్ళు ఒక్కళ్ళు కనబడలేదే. ఒక్కళ్ళన్నా ఉంటే నిన్ను ఆపేదాన్ని."

"కోటు కుట్టలేదమ్మా. గుడ్డ గుడ్డలాగే ఉంది."

"అలాగే పట్టుకెళ్ళు. ఆవిడ బల్ల మీద, ఆవిడ కళ్ళముందే కత్తిరించు."

"ఒప్పుకోకపోతే?"

"వచ్చేయ్. చోటుకేముంది, మీ నాన్న ఎవర్నైనా పెట్టుకుంటారు."

ఇద్దరం నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. నవ్వుతూనే అమ్మ నా బట్టలు మడవడం మొదలుపెట్టింది.

ఆ కోటు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పే ఓపిక ఉండదు. మాస్టరమ్మ గుడ్డని వాసన చూసి మొహం చిట్లించింది, ఇస్త్రీ చేయించింది, తన బల్ల ఖాళీ చేయించి చేతులు కట్టుకుని నిలబడింది. నేను గీశాను, కత్తెర పెట్టాను. వీపు ముక్క అయ్యేసరికి ఆవిడ వెళ్ళి తన పని చూసుకుంది. గది చిన్నదే. తలుపు సరిగ్గా పడదు, కుర్చీ అడ్డం పెట్టుకోవాలి. మొదటి వారమంతా నేను అందులో కూడా ఒక మూలకే పడుకున్నాను.

ఆ పొద్దున సంచి భుజానికి తగిలించుకుని ముందుగదిలోకి వచ్చేసరికి నాన్న మొహం మీద సగం సబ్బు అలాగే ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు.

అమ్మ చెప్పింది. పని, షాపు, గది, అన్నీ. ఆయన వింటున్నంతసేపూ నన్నే చూశాడు. నేను నేలని చూశాను.

"ఈ వానల్లో సీట్లు ఉండవు" అన్నాడు, అలవాటు కొద్దీ.

"నిలబడి వెళ్తుంది" అంది అమ్మ.

తలుపు మీద నుంచి బాబాయ్ కంగారుగా లేవబోయాడు, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని. "నా వల్లేనా అన్నయ్యా? నేను లేస్తానమ్మా, నీ బల్ల నువ్వు తీసుకో..."

"నువ్వు పడుకోరా" అన్నాడు నాన్న, అటు తిరగకుండానే.

బాబాయ్ మళ్ళీ పడుకున్నాడు. వంటింటి గుమ్మంలో పిన్ని నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. ఆవిడ కళ్ళలో ఉన్నది అసూయ. నాకు బాగా గుర్తుంది. ఒక్క మాట, ఒక్క మాట నాన్న "వెళ్ళిరా" అంటే నేను గుమ్మం దాటగలననుకున్నాను. అనలేదు. అలాగని ఆపనూ లేదు. మెడ ఒక పక్కకి వంచుకుని, సబ్బు చుక్కలు చొక్కా మీద పడుతుంటే, మెల్లగా అమ్మ వైపు తిరిగాడు. ఆయన కళ్ళు నిండి ఉన్నాయి. ఎవరికీ లేదని చెప్పలేని మనిషి, మొదటిసారి తనకోసం ఒకటి అడుగుతున్నట్టు, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అది లేకుండా ఎలాగే మనం?"

నా కాళ్ళు ఆగిపోయాయి. ఇంకొక్క క్షణం గడిచి ఉంటే సంచి దించేసేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

అమ్మ ఆయన భుజం మీది తువ్వాలు తీసి, ఆయన గడ్డం కింద సబ్బు తుడిచింది. చాలా ప్రేమగా తుడిచింది.

"సర్దుకోండి" అంది.

నాన్న తువ్వాలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ మాటకి జవాబు లేదని మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు. నేను మెట్లు దిగాను.